సంక్రాంతి సెలవుల్లో విశాఖ కుటుంబాలు: పొయ్యి దగ్గర, బీచ్‌లో, ఘాట్ రోడ్డు మీద తీసుకోవాల్సిన జాగ్రత్తలు

పండక్కి ఇంటి నిండా చుట్టాలుంటారు. పది మంది పెద్దవాళ్లున్న ఇంట్లోనే మూడేళ్ల పిల్లాడు ఎవరి కంటా పడకుండా గేటు దాటేస్తాడు. తల్లి మేనత్త చూస్తోందనుకుంటుంది, మేనత్త తాతగారి దగ్గరున్నాడనుకుంటుంది. వంటింట్లోనూ, బీచ్‌లోనూ, కొండ మీదా జరిగే ప్రమాదాల్లో చాలా వాటికి మూలం ఇదే. కాబట్టి మిగతా జాగ్రత్తలన్నిటికంటే ముందు ఈ పని చేయండి. ఏ పూట పిల్లల్ని చూసేది ఎవరో పేరు పెట్టి చెప్పుకోండి. వాళ్లు లేవాల్సి వస్తే "ఇక నువ్వు చూడు" అని ఇంకొకరికి నోటితో అప్పగించాలి. ఆ పూట వాళ్ల చేతిలో ఫోన్ ఉండకూడదు.

పండక్కి వారం ముందు

మందుల సంచి సర్దండి. బీపీ, షుగర్, థైరాయిడ్, ఆస్తమా మందులు సెలవుల రోజుల కంటే 5 రోజులు ఎక్కువకే కొని పెట్టుకోండి. భోగి నుంచి కనుమ దాకా మీ వీధి మెడికల్ షాపు తీసి ఉంటుందన్న నమ్మకం లేదు. ఊరెళ్లేవాళ్లు ప్రిస్క్రిప్షన్లు ఫోటో తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉంచుకోండి.

పిల్లల జ్వరం సిరప్ దగ్గర ఒక తికమక ఉంది. పారాసెటమాల్ సిరప్ రెండు రకాల బలంతో దొరుకుతుంది. ఒకదాంట్లో 5 మి.లీ.కి 120 లేదా 125 మి.గ్రా. మందు ఉంటుంది, రెండోదాంట్లో 240 లేదా 250. డబ్బాలు చూడ్డానికి ఒకేలా ఉంటాయి. 10 కిలోల బిడ్డకు మొదటి రకమైతే 5 మి.లీ., రెండో రకమైతే 2.5 మి.లీ. చాలు. ఒక మోతాదుకీ ఇంకో మోతాదుకీ మధ్య 6 గంటలు ఉండాలి. అమ్మమ్మ ఒకసారి, నాన్న ఒకసారి తెలియకుండా వేసేయడం పండగ ఇళ్లలో మామూలే. అందుకని సీసా మీద బిడ్డ పేరు, మోతాదు రాసి, వేసిన టైము పక్కనే ఒక కాగితం మీద రాయండి.

ఓఆర్ఎస్ ప్యాకెట్లు నాలుగైదు కొనండి. తీపి పానీయాల టెట్రా ప్యాకులు కొనకండి, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం అని రాసి ఉన్న పొడి ప్యాకెట్టే అడగండి. ఇంట్లో అందరి ఫోన్లలో ఈ నంబర్లు ఉండాలి: అంబులెన్స్‌కి 108, ఏ అత్యవసరానికైనా 112, గ్యాస్ లీకేజీకి 1906.

పిండివంటల పొయ్యి

అరిసెలకీ జంతికలకీ పెద్ద బాణలి పెట్టాలని చాలామంది పొయ్యిని కిందకు దింపి బాల్కనీలోనో హాల్లోనో నేల మీద పెడతారు. అది వద్దు. గ్యాస్ గాలి కంటే బరువు, లీకైతే నేల మట్టానే పేరుకుంటుంది. పొయ్యి ఎప్పుడూ సిలిండర్ కంటే ఎత్తులో ఉండాలి. పైగా నేల మీది బాణలి పాకే పిల్లల చేతికి అందే ఎత్తులో ఉంటుంది. పెద్ద బాణలి గట్టు మీద నిలవకపోతే చిన్న బాణలిలో నాలుగు వాయిలు ఎక్కువ తీయండి, అంతే. సిలిండర్‌కి బిగించిన నారింజ రంగు సురక్షా ట్యూబు మీద తేదీ ఉంటుంది. 5 ఏళ్లు దాటితే ఈ పండక్కే మార్చేయండి.

నూనె బాణలిలో సగానికి మించకూడదు. పిండి వేసినప్పుడు నూనె నురగతో పైకి లేస్తుంది, ఆ చోటు దానికి కావాలి. జంతికల గొట్టాన్ని నేరుగా నూనె మీద పట్టుకుని వత్తితే ఆవిరి మణికట్టుకి కొడుతుంది. చిల్లుల గరిటె మీదో, తడి గుడ్డ మీదో వత్తి మెల్లగా జార్చండి. చేగోడీలు, జంతికలు పేలడానికి కారణం మంట ఎక్కువవడం, లేదా పిండిలో గాలి ఉండిపోవడం. పైపొర ముందే గట్టిపడిపోతే లోపలి ఆవిరికి దారి ఉండదు, పగులుతుంది. పిండిలో వేడి నూనె ఒక గరిటె కలిపి బాగా మర్దించి, ముందు ఒకటి వేసి చూసి, తర్వాతే వాయి వేయండి. బూరెల్లో పూర్ణం పైకి కనిపిస్తే అది నూనెలో కరిగి చిందుతుంది, కాబట్టి తోపు పిండి అన్ని వైపులా పట్టాలి.

నూనె పొగ వచ్చిందంటే మంట అంటుకోడానికి ఇంకెంతో దూరం లేదు. అంటుకుంటే పొయ్యి కట్టేసి, బాణలికి సరిపోయే మూత పక్క నుంచి జార్చి కప్పండి. మూత తీసి చూడాలన్న తొందర వద్దు. పూర్తిగా చల్లారేదాకా అలాగే వదిలేయండి. నీళ్లు పోస్తే మాత్రం ఆ నీళ్లు నూనె అడుగుకి దిగి ఒక్కసారిగా ఆవిరై, మండుతున్న నూనెని మీ మీదకే ఎగజిమ్ముతాయి. ఆ మూత వంట మొదలెట్టే ముందే గట్టు మీద ఉండాలి, అటక మీద కాదు.

కాలితే ఈ వరుసలో చేయండి:

1. ఉంగరం, గాజులు, వాచీ వెంటనే తీసేయండి. కాసేపటికి వాపు వస్తే రావు.
2. కాలిన చోట కుళాయి నీళ్లు 20 నిమిషాలు ధారగా పడనివ్వండి. మూడు నిమిషాలకు మంట తగ్గిందని ఆపేయకండి, చర్మం లోపలి వేడి ఇంకా పోదు. ఐస్ వద్దు.
3. బెల్లం పాకం అంటుకుంటే గోకకండి, లాగకండి. పాకం చర్మానికి పట్టుకుని నూనె కంటే ఎక్కువసేపు కాలుస్తుంది. నీళ్లే దాన్ని కరిగిస్తాయి.
4. ఉతికిన పల్చటి నూలు గుడ్డ వదులుగా కప్పండి. పేస్టు, పసుపు, సిరా, గుడ్డు సొన ఏవీ రాయొద్దు. అవి వేడిని లోపలే బంధిస్తాయి, తర్వాత డాక్టరు గాయం లోతు చూడాలన్నా కనిపించదు.
5. గాయం ఆ మనిషి అరచేయి కంటే పెద్దదైనా, ముఖం, చేతులు, కీళ్ల మీదైనా, కాలింది చిన్న పిల్లలకైనా ఆసుపత్రికి వెళ్లండి.

భోగి తెల్లవారుజామున

మంట కరెంటు తీగల కిందా, బళ్లు నిలిపిన చోటా, అపార్టుమెంటు సెల్లారు ముందూ వేయకండి. ఎండు కొబ్బరి మట్టలు, పుల్లలు, పిడకల దండలు చాలు. పాత టైర్లు, ఫోమ్ కుర్చీలు, ప్లాస్టిక్ వేస్తే ఆ పొగ వీధిలోని ఆస్తమా పిల్లల్ని ఆ రోజంతా దగ్గిస్తుంది. మంట అందుకోవడం లేదని పెట్రోలు పోయడం అన్నిటికంటే ప్రమాదం. దాని ఆవిరి మంట వైపు నుంచి సీసా దాకా తిరిగి అంటుకుంటుంది. మంట పక్కనే రెండు బకెట్ల నీళ్లు ఉంచండి. పట్టు పరికిణీలు, నైలాన్ లంగాలు తర్వాత వేయొచ్చు. మంట దగ్గర పిల్లలకి నూలు బట్టలే వేయండి, చున్నీ వద్దు. బట్టలు అంటుకుంటే పరిగెత్తనివ్వకుండా నేల మీద పడుకోబెట్టి దొర్లించండి. మంట ఆరిపోయిందనుకున్న బూడిద కింద నిప్పులు మధ్యాహ్నం దాకా ఉంటాయి, ఉత్త కాళ్లతో తిరిగే పిల్లలు తొక్కేది వాటినే. నీళ్లు పోసి, కర్రతో కలిపి, మళ్లీ పోయండి.

సాయంత్రం భోగిపళ్ల పేరంటం. దీని ప్రమాదం ఎవరికీ తట్టదు. రేగిపళ్లు, నానబెట్టిన శనగలు, చిల్లర నాణేలు, చెరుకు ముక్కలు... నెత్తి మీంచి జారిన ప్రతి వస్తువూ ఏడాదిన్నర బిడ్డ నోటికి సరిపోయే సైజులోనే ఉంటుంది. ఎన్ని నాణేలు వేశారో లెక్క రాసుకోండి. పేరంటం అయ్యాక అన్నీ ఏరి లెక్క సరిపోయాకే బిడ్డని నేల మీద వదలండి. శనగలు చీపురుతో ఊడ్చినా సోఫా కిందా, తివాచీ అంచుల్లోనూ మిగులుతాయి, మోకాళ్ల మీద వంగి చూడండి. బిడ్డకి గొంతుకి అడ్డం పడి దగ్గు, ఏడుపు రెండూ ఆగిపోతే నోట్లో గుడ్డిగా వేలు పెట్టి వెతకొద్దు, ఉన్నది ఇంకా లోపలికి పోతుంది. ఏడాదిలోపు బిడ్డని ముంజేతి మీద బోర్లా, తల కిందకి ఉండేలా పట్టుకుని రెండు భుజాల మధ్య అరచేతి మడమతో 5 సార్లు కొట్టండి. రాకపోతే వెల్లకిలా తిప్పి ఛాతీ మధ్యలో రెండు వేళ్లతో 5 సార్లు నొక్కండి. ఏడాది దాటినవాళ్లకి వీపు మీద 5 దెబ్బలు, తర్వాత వెనక నుంచి పట్టుకుని బొడ్డుకి కాస్త పైన పిడికిలితో లోపలికీ పైకీ 5 సార్లు నొక్కండి. వచ్చేదాకా ఈ రెండూ మార్చి మార్చి చేస్తూ ఉండాలి, ఈలోగా ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. బిడ్డ గట్టిగా దగ్గుతుంటే మాత్రం కొట్టకండి, దగ్గనివ్వండి.

తిండి, మిగిలిన తిండి, షుగర్ ఉన్నవాళ్లు

కనుమ మధ్యాహ్నం వండిన నాటుకోడి కూర రాత్రికి, పొద్దున్నకి కూడా పొయ్యి మీదే ఉంటుంది. వండినవి బయట 2 గంటలకు మించి ఉంచకూడదు. గంజి వార్చిన అన్నం కూడా అంతే. బియ్యంలో ఉండే కొన్ని సూక్ష్మజీవుల బీజాలు ఉడికించినా చావవు. గది వేడిలో అవి పెరిగి విడిచే విషం మళ్లీ మరిగించినా పోదు. పులిహోరలో చింతపండు పులుపు ఉంటుంది కనుక మామూలు అన్నం కంటే కాస్త నయం. అలాగని అదీ రెండు రోజులు నిలవ ఉంటుందన్న భరోసా ఏం లేదు. పెద్ద గిన్నెడు కూర అలాగే ఫ్రిజ్‌లో పెడితే మధ్యలో గంటల తరబడి వెచ్చగానే ఉంటుంది. రెండు మూడు అంగుళాల లోతున్న గిన్నెల్లోకి సర్ది పెట్టండి. తినేముందు పొగలు కక్కేలా వేడి చేయాలి, గోరువెచ్చన చాలదు. పచ్చి మాంసం కోసిన కత్తిపీట మీదే ఉల్లిపాయ, కొత్తిమీర తరగడం ఇంకో పొరపాటు.

విరేచనాలు పట్టుకుంటే ఓఆర్ఎస్ పొడి ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలో మొత్తం ఒకేసారి కలపండి. ప్యాకెట్ లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో 6 చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చెంచా అంచు గీరి కొలిచి కలపండి. ఉప్పు ఎక్కువైతే చిన్న పిల్లలకి హాని, అందుకే కొలత చేత్తో కాదు. వాంతి అయితే 10 నిమిషాలు ఆగి, చెంచా చెంచాగా పట్టండి. కళ్లు లోపలికి పోవడం, 6 గంటలుగా మూత్రం రాకపోవడం, బిడ్డ మత్తుగా పడుండటం కనబడితే ఇంట్లో ఆగొద్దు. 

షుగర్ ఉన్నవాళ్లకి పండగ అంటే అరిసెల వల్లే ప్రమాదమనుకుంటాం. అసలు దెబ్బ తగిలేది పూజ అయ్యేదాకా ఏమీ తినకుండా, మాత్రమో ఇన్సులినో మాత్రం వేసుకున్నప్పుడు. చెమటలు, వణుకు, చికాకు, మాట తడబడటం కనిపిస్తే షుగర్ 70 కంటే పడిపోయిందనుకోండి. వెంటనే 3 చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించండి, 15 నిమిషాలకు మళ్లీ చూడండి. చేతికి దగ్గర్లో ఉందని అరిసెనో సున్నుండనో పెట్టకండి. నెయ్యి, నువ్వులు, నూనె వల్ల ఆ తీపి రక్తంలోకి చేరడం ఆలస్యమవుతుంది. స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం ఏదీ పోయకూడదు.

బీచ్: ఇక్కడ తొందర పడకండి

కనుమ, ముక్కనుమ సాయంత్రాలు ఆర్కే బీచ్ మీద ఇసుక కనిపించదు. మన తీరంలో చాలాచోట్ల ఒడ్డు దాటగానే లోతు జారిపోతుంది. కెరటం వెనక్కి లాగేటప్పుడు పాదం కింద ఇసుక కొట్టుకుపోయి మనిషి నిలదొక్కుకోలేడు. స్నానం చేయాలనుకుంటే లైఫ్‌గార్డులు నిలబడిన చోటే చేయండి. ఋషికొండలో వాళ్లుండే హద్దు జెండాలతో తెలుస్తుంది. యారాడలో నీళ్లు ఎంత అందంగా ఉన్నా, అక్కడా ఇదే నియమం. భీమిలిలో గోస్తని సముద్రంలో కలిసే మొగ దగ్గర దిగొద్దు. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ పెద్ద కెరటాల హెచ్చరిక ఇచ్చిన రోజు ఇసుక మీదే కూర్చుని మూరీ మిక్చర్ తినేసి వచ్చేయండి.

దిగేముందు ఒడ్డున నిలబడి 5 నిమిషాలు నీళ్లని చూడండి. రెండు పక్కలా కెరటాలు విరుగుతూ, మధ్యలో ఒకచోట విరగకుండా నున్నగా ఉంటే, అక్కడ నురగ, మట్టి రంగు నీళ్లు లోపలికి సాగిపోతుంటే, ఒడ్డుకొచ్చిన నీరంతా అక్కడి నుంచే సముద్రంలోకి తిరిగిపోతోందని అర్థం. కెరటాలు లేవు కదా అని పిల్లల్ని సరిగ్గా అక్కడికే తీసుకెళ్లేవాళ్లున్నారు. 

పెద్దవాళ్ల మోకాలి లోతు ఐదేళ్ల పిల్లకి నడుము దాటుతుంది. లోతుకి కొలత పిల్ల మోకాలు. పిల్లకీ సముద్రానికీ మధ్య మీరుండాలి, వేళ్లు కాకుండా మణికట్టు పట్టుకోవాలి, తడి వేళ్లు జారిపోతాయి. సముద్రానికి వీపు చేసి ఫోటో దిగొద్దు. తడిసిన చీర, జీన్సు నీళ్లలో బరువెక్కి కాళ్లు కదలనివ్వవు. తెన్నేటి పార్కు దగ్గరా, జోడుగుళ్లపాలెం వైపూ పాచి పట్టిన రాళ్ల మీద నిలబడే సరదా ఇంకా చెడ్డది. చీకటి పడ్డాక ఎవరూ నీళ్లలో ఉండకూడదు, ఎంత ఈత వచ్చినా.

అలా సముద్రంలోకి తిరిగిపోయే నీటి పాయ లాగేస్తుంటే ఒడ్డు వైపుకి ఈదితే ఓపిక అయిపోతుంది. వెల్లకిలా తేలి, ఒక చేయి ఎత్తి కేకేయండి. లాగుడు తగ్గాక ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది, కెరటాలు విరిగే చోటు నుంచి ఒడ్డుకి రండి. ఒడ్డున ఉన్నవాళ్లు ఒకరి వెనక ఒకరు దూకకండి, ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురు పోయేది అలాగే. మూత బిగించిన ఖాళీ 5 లీటర్ల నీళ్ల క్యాను, ట్యూబు, ముడివేసిన చున్నీలు విసరండి. లైఫ్‌గార్డుని పిలవండి, 112కి చేయండి.

పైకి తీసిన మనిషికి ఊపిరి లేకపోతే పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం, కాళ్లు పట్టి తిప్పడం మన దగ్గర ఇంకా పోని అలవాటు. అందులో పోయేది విలువైన నిమిషాలు, పైగా కడుపులోని నీళ్లు ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి. తల వెనక్కి వంచి, ముక్కు మూసి, ముందు రెండు ఊపిర్లు నోటితో ఊదండి. ఆ తర్వాత ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 వేగంతో, 5 సెంటీమీటర్ల లోతు 30 సార్లు నొక్కండి. మళ్లీ రెండు ఊపిర్లు. 108 వచ్చేదాకా ఇదే. తేరుకుని లేచి కూర్చున్నా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే. దగ్గు, ఆయాసం కొన్ని గంటల తర్వాత మొదలవ్వచ్చు.

అరకు, లంబసింగి, వనజంగి

వనజంగి మబ్బుల కోసం విశాఖలో అర్ధరాత్రి బయల్దేరి పాడేరు ఘాట్ ఎక్కడం వద్దు. పొద్దున్నుంచీ చుట్టాలతో తిరిగిన మనిషి, ముందు మంచు, పక్కన లోయ, నిద్ర. ముందు రోజు పగలే వెళ్లి పాడేరులో పడుకోండి. పొగమంచులో హెడ్‌లైట్లు డిమ్‌లోనే ఉంచాలి, హై బీమ్ మంచు మీద పడి కళ్లలోకే తిరిగొస్తుంది. దిగేటప్పుడు ఎక్కిన గేర్‌లోనే దిగండి. అదేపనిగా బ్రేకు తొక్కితే వేడెక్కి పట్టు పోతుంది. కాలిన వాసన వస్తే వెడల్పున్న చోట ఆపి చల్లారనివ్వండి, నీళ్లు పోయొద్దు. వెనక సీట్లోవాళ్లకీ బెల్టు తప్పదు, ఒళ్లో బిడ్డ అంటే బెల్టు పెట్టుకున్నట్టు కాదు. 

లంబసింగిలో చలికి గదిలోనో టెంటులోనో బొగ్గుల కుంపటి పెట్టుకుని తలుపు వేసుకోవడం ప్రాణం తీస్తుంది. ఎర్రగా కాలే బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి పొగా ఉండదు, వాసనా ఉండదు. గదిలో అందరికీ ఒకేసారి తలనొప్పి, వాంతి, మత్తు వస్తే కారణం నిన్నటి తిండి అనుకోకుండా ముందు బయటకి నడవండి. వెంటిలేటర్ లేని బాత్రూంలో గ్యాస్ గీజర్‌కీ ఇదే హెచ్చరిక. చలికి కుంపటి కంటే రెండు పల్చటి బట్టల మీద ఒక స్వెట్టరు, చెవులు మూసే టోపీ, పొడి సాక్సులు మేలు. ఇన్సులిన్‌ని కారు డాష్‌బోర్డు మీదా, ఐస్‌ని ఆనించీ పెట్టొద్దు, గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు.

బొంగు చికెన్ తినకుండా ఎవరూ రారు. వెదురు పైన నల్లగా మాడినంత మాత్రాన లోపల ఉడికినట్టు కాదు. ఉన్నవాటిలో పెద్ద ముక్క విరిచి ఎముక దగ్గర చూడండి, గులాబీ రంగు, ఎర్రటి రసం కనిపిస్తే మళ్లీ నిప్పుల్లో పెట్టమనండి. అడగడానికి మొహమాటం వద్దు, వాళ్లేమీ అనుకోరు.

కాఫీ తోటల్లో, గడ్డి మీద దుప్పటి పరచకుండా కూర్చోకండి, బట్టలు పొదల మీద ఆరేయకండి. కంటికి కనిపించనంత చిన్న చిగ్గర్ పురుగు కుట్టడం వల్ల స్క్రబ్ టైఫస్ వస్తుంది. నిండు చేతుల చొక్కా, ప్యాంటు, బూట్లు వేసుకోండి, దోమల మందు రాసుకోండి. బసకి రాగానే స్నానం చేసి బట్టలు వేడి నీళ్లలో వేయండి. కుట్టిన 6 నుంచి 21 రోజుల మధ్య జ్వరం, విపరీతమైన తలనొప్పి మొదలవుతాయి. జనవరి 16న కొండ ఎక్కినవాళ్లు ఫిబ్రవరి 6 దాకా జ్వరాన్ని మామూలు జలుబు కింద తీసేయకూడదు. ఒళ్లంతా వెతకండి: చంక, గజ్జలు, రొమ్ముల కింద, మోకాలి వెనక, బెల్టు దగ్గర, పిల్లలకి చెవి వెనక. సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి చెక్కు, చుట్టూ ఎర్రటి అంచు, నొప్పి ఉండదు. అందుకే ఎవరూ గమనించరు. ఆ మచ్చ అందరిలోనూ ఉండాలని లేదు. మలేరియా, డెంగ్యూ పరీక్షలు రెండూ నెగెటివ్ వచ్చి జ్వరం తగ్గకపోతే, ఏజెన్సీ వెళ్లొచ్చామనీ, ఏ తేదీన వెళ్లామనీ డాక్టరుకి మీరే చెప్పండి. దీనికి మందు ఉంది, డాక్సీసైక్లిన్ లాంటి యాంటీబయాటిక్ సకాలంలో మొదలుపెడితే జ్వరం సాధారణంగా రెండు రోజుల్లో దిగుతుంది. ఈలోగా జ్వరానికి పారాసెటమాల్ తప్ప ఇబుప్రోఫెన్, ఆస్పిరిన్ వేయకండి. అది డెంగ్యూ అయి ఉంటే రక్తస్రావం పెరుగుతుంది.